గ్రోత్ ఫ్యాక్టర్ సిగ్నల్ దారిని బట్టీ పట్టకుండా గీసుకోవడం ఎలా

ఒక తెల్ల కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని ఇది చదవండి. కాగితం మధ్యలో అడ్డంగా దగ్గరదగ్గరగా రెండు గీతలు గీయండి. అది కణం పొర. పైభాగం కణానికి బయట, కింది భాగం లోపల, అట్టడుగున ఒక గుండ్రం గీస్తే అది కేంద్రకం. గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాన్ని పెరగమని, విభజన చెందమని చెప్పే ప్రోటీన్, బయట తగిలితే ఆ కబురు పొర దాటి కేంద్రకం దాకా ఎలా చేరుతుందో ఒక్కో అడుగూ గీసుకుంటూ వెళ్దాం. ఈ పాఠం అనగానే చాలామందికి టెన్షన్, ఎందుకంటే పుస్తకంలో పేజీ నిండా బాణాలు ఉంటాయి, ప్రతి బాణం చివరా మూడు నాలుగు అక్షరాల పేరు ఉంటుంది, ఆ పేరున్న ప్రోటీన్ ఏం చేస్తుందో తెలియదు, అసలు ఆ బాణం అంటే ఏమిటో ఎవరూ చెప్పరు. వరస బట్టీ పట్టి పరీక్ష రాసేస్తారు, నెల తిరక్కుండా మర్చిపోతారు. తప్పు చదివేవాళ్ళది కాదు, బాణాలది.

కాబట్టి బాణం గీసే ముందు ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు కొత్తగా ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారు? గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్ల విషయంలో, అంటే పొరలో నిలబడి దాన్ని పట్టుకునే ప్రోటీన్ల విషయంలో, జరిగేది ముప్పాతిక వంతు ఇదే. అప్పటిదాకా విడివిడిగా తిరుగుతున్న రెండు ప్రోటీన్లు పక్కపక్కకి చేరతాయి, చేరాక ఒకటి రెండోదాన్ని మారుస్తుంది, ఆ మార్పు మూడోదాన్ని దగ్గరికి రప్పిస్తుంది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితే పేర్లు వాటంతట అవే గుర్తుంటాయి. చెప్పలేకపోతే ఆ బాణం మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట, అక్కడే ఆగి మళ్ళీ చదవండి.

ముందు ఒక్క రిసెప్టర్‌ని పట్టుకోండి. మనుషుల్లో రిసెప్టర్ టైరోసిన్ కైనేజ్‌లు (పేరులోని కైనేజ్ సంగతి కాసేపట్లో వస్తుంది) 58 ఉన్నాయి, 20 కుటుంబాలుగా విడదీస్తారు, అన్నిటినీ ఒకేసారి చదవబోతే ఏదీ చేతికి రాదు. ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) రిసెప్టర్‌తో, అంటే ఈజీఎఫ్ఆర్‌తో మొదలుపెట్టమంటాను. ఎక్కువ లోతుగా తెలిసింది దాని గురించే. ఈజీఎఫ్‌ని కనిపెట్టింది స్టాన్లీ కోహెన్. ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే వాటి కళ్ళు మామూలు కంటే చాలా రోజుల ముందే తెరుచుకున్నాయి, పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఇంకెవరైనా అయితే పట్టించుకోకుండా వదిలేసేవాళ్ళేమో, ఆయన మాత్రం ఆ తేడా వెంటబడి దానికి కారణమైన ప్రోటీన్‌ని విడదీసి తీశాడు. 1986లో ఆయనకీ, నరాల గ్రోత్ ఫ్యాక్టర్‌ని కనిపెట్టిన రీటా లెవీ-మోంటాల్చినికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు గీయండి. ఈజీఎఫ్ చిన్న ప్రోటీన్, 53 అమైనో ఆమ్లాలు, పొరకి పైన ఒక చిన్న చుక్క పెడితే చాలు. రిసెప్టర్ మాత్రం పెద్దది, 1186 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. అందులో దాదాపు 620 బయట ఉంటాయి, ఓ 23 మాత్రం ఒక్క మెలికగా పొరలోంచి దూసుకెళ్తాయి, మిగతాది లోపల. బయట ఉన్న భాగంలో నాలుగు ముక్కలు గీసి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు వేయండి. లోపలి భాగంలో పొరకి దగ్గరగా కైనేజ్ అనే గుండ్రటి ముక్క, దాని కింద పొడుగాటి తోక. కైనేజ్ అంటే ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ని తీసి ఇంకో ప్రోటీన్ మీద పెట్టే ఎంజైమ్. ఈ కైనేజ్ ఆ ఫాస్ఫేట్‌ని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద పెడుతుంది.

బొమ్మ చూసి ఒక్క నిమిషం ఆలోచించండి. ఈజీఎఫ్ నీళ్ళలో కరిగే ప్రోటీన్, కొవ్వు పొరని దాటి లోపలికి పోలేదు. రిసెప్టర్‌కి బయట తగిలింది. బయటి భాగానికీ లోపలి భాగానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క సన్నటి మెలిక. పైన ఏదో తగిలితే ఆ సంగతి కింద కైనేజ్‌కి ఎలా తెలియాలి? అంత సన్నటి మెలిక తానొక్కతే పైనుంచి కిందకి ఆకారంలో మార్పుని మోసుకొస్తుందని నమ్మడం కష్టం. నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికి అసలు చిక్కుముడి ఇదే. చాలా పుస్తకాలు దీన్ని ప్రశ్నగా కూడా అడగకుండా నేరుగా "రిసెప్టర్ ఉత్తేజితమవుతుంది" అని రాసేసి ముందుకి పోతాయి.

జవాబు కోసం పక్కనే ఇంకో రిసెప్టర్ గీయండి. ఈజీఎఫ్ లేనప్పుడు రిసెప్టర్‌లో రెండో ముక్క నుంచి పొడుచుకొచ్చిన ఒక చెయ్యి లాంటి భాగం నాలుగో ముక్కకి ఆనుకుని ముడుచుకుని ఉంటుంది. ఈజీఎఫ్ వచ్చి ఒకటో ముక్కకీ మూడో ముక్కకీ మధ్యలో కూర్చుంటుంది, అంటే ఆ రెండిటినీ పట్టుకుని దగ్గరికి లాగుతుంది. దాంతో బయటి భాగం మొత్తం సాగి నిటారుగా నిలబడుతుంది, ముడుచుకున్న చెయ్యి బయటపడుతుంది. పక్కనే ఇలాగే ఈజీఎఫ్‌ని పట్టుకున్న ఇంకో రిసెప్టర్ ఉంటే ఇద్దరూ చేతులు చాచి ఒకరినొకరు పట్టుకున్నట్టు రెండూ జతకడతాయి. ఇక్కడ ఒకటి గమనించండి. రెండు ఈజీఎఫ్‌లు ఒకదాన్నొకటి ముట్టుకోవు, ఒక ఈజీఎఫ్ రెండు రిసెప్టర్లని కలిపి కుట్టదు. అవి జతకి వెనుక పక్కల, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, జత పూర్తిగా రిసెప్టర్ల మధ్యే. 2002లో ప్రోటీన్ స్ఫటికాల నుంచి తేల్చిన నిర్మాణాలు వచ్చేసరికి ఇది చూసి చాలామంది ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు సన్నటి మెలిక గొడవ తీరిపోయింది కదా. మెలిక ఏ కబురూ మోయక్కర్లేదు. పైన రెండు భాగాలు జతకడితే కింద వాటి రెండు కైనేజ్‌లూ పక్కపక్కకి వస్తాయి, కబురు అదే. ఈజీఎఫ్ లేకపోయినా పొర మీద కొన్ని రిసెప్టర్లు జతలుగానే తిరుగుతుంటాయని కూడా తెలుసు, కానీ సరైన అమరికలో పక్కపక్కకి రావాలంటే ఈజీఎఫ్ కావాలి.

సరైన అమరిక అన్నాను, అదేమిటో కూడా గీయండి. రెండు కైనేజ్‌లూ అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా నిలబడవు. ప్రతి కైనేజ్‌కీ పైనొకటి, కిందొకటి రెండు తమ్మెలుంటాయి, ఒకదాని కింది తమ్మె రెండోదాని పై తమ్మెకి ఆనుతుంది. ఆనించుకున్న కైనేజ్ ఆన్ అవుతుంది, ఆనిన కైనేజ్ తాను పనిచేయకుండా పక్కదాన్ని పనిచేయిస్తుంది. ఈ వంకర జతని 2006లో జాన్ కురియన్ బృందం చూపించింది. ఇది తెలిస్తే హెర్3 సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. హెర్3 ఈ కుటుంబంలోదే, దాని కైనేజ్ దాదాపు పనికిరాదు, అయినా అది జతలో ఉంటే సిగ్నల్ బలంగా వస్తుంది. ఎందుకంటే పక్కదానికి ఆని నిలబడటానికి కైనేజ్ పనిచేయనక్కర్లేదు.

ఆన్ అయిన కైనేజ్ జతలో ఉన్న తోకల మీద టైరోసిన్లకి ఫాస్ఫేట్లు పెడుతుంది. మీ బొమ్మలో తోక మీద నాలుగైదు చోట్ల చిన్న గుండ్రాలు పెట్టండి. టైరోసిన్ మీద ఫాస్ఫేట్ అనేది కణంలో చాలా అరుదు. ప్రోటీన్లలోని ఫాస్ఫేట్లలో ఎక్కువ భాగం సెరీన్, థ్రియోనిన్ల మీదే ఉంటాయి, టైరోసిన్ వాటా మామూలుగా వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. 1979లో టోనీ హంటర్ దీన్ని చూడగలిగింది పాత బఫర్, అంటే అణువులని విడదీసే ప్రయోగంలో వాడే ద్రావణం, వాడటం వల్ల. నిలవ ఉండి ఆ బఫర్ పీహెచ్ కొంచెం పడిపోయింది, ఆ పీహెచ్ దగ్గరే ఫాస్ఫోటైరోసిన్ ఫాస్ఫోథ్రియోనిన్ నుంచి విడిపోయి వేరే మచ్చగా కనిపించింది. తాజా బఫర్ వాడి ఉంటే రెండూ కలిసిపోయేవి. ఆ మరుసటి ఏడాదే కోహెన్ ప్రయోగశాల ఈజీఎఫ్ రిసెప్టర్ కూడా టైరోసిన్ మీదే ఫాస్ఫేట్ పెడుతుందని చూపింది. అరుదుగా ఉండటమే దీని బలం, మామూలప్పుడు ఖాళీగా ఉన్న చోట పెట్టిన గుర్తు కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ.

ఇక్కడ నంబర్ల గురించి ఒక హెచ్చరిక, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఈజీఎఫ్ఆర్ తయారైనప్పుడు మొదట్లో 24 అమైనో ఆమ్లాల ముక్క అదనంగా ఉంటుంది, తర్వాత కత్తిరించుకుపోతుంది. కొందరు ఆ ముక్కని కలుపుకుని లెక్కపెడతారు, కొందరు వదిలేసి లెక్కపెడతారు. అందుకే ఒకే టైరోసిన్‌ని ఒక వ్యాసంలో 1068 అంటారు, ఇంకో దాంట్లో 1092 అంటారు. మరీ ఘోరం ఏమిటంటే, ఊపిరితిత్తుల కేన్సర్‌లో కనిపించే 858వ స్థానం మార్పుని, అంటే ల్యూసిన్ బదులు ఆర్జినిన్ వచ్చేదాన్ని, ముక్కని కలుపుకునే లెక్కలో రాస్తారు, అదే వ్యాసంలో టైరోసిన్‌ని మాత్రం 1068 అని వదిలేసే లెక్కలో రాస్తారు. నంబర్ కనిపించగానే 24 కలిపి చూడండి, తీసి చూడండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

తోక మీద ఫాస్ఫేట్ పడింది. అయితే ఏమిటి? ప్రశ్న మళ్ళీ అడగండి: ఇప్పుడు ఎవరు దగ్గరికి వస్తారు? ఎస్‌హెచ్2 అనే ముక్క ఉన్న ప్రోటీన్లు వస్తాయి. ఎస్‌హెచ్2 ముక్క సుమారు 100 అమైనో ఆమ్లాలది, టోనీ పాసన్ 1986లో గుర్తించాడు. దానికి ఒక గుంట ఉంటుంది, గుంట అడుగున ధన విద్యుదావేశం ఉన్న ఒక ఆర్జినిన్ ఉంటుంది, ఋణావేశం ఉన్న ఫాస్ఫేట్ అందులోకి సరిగ్గా దిగుతుంది. ఫాస్ఫేట్ లేని టైరోసిన్‌ని అది పట్టుకోదు. కానీ అన్ని ఎస్‌హెచ్2లూ అన్ని ఫాస్ఫోటైరోసిన్లనీ పట్టుకుంటే ఇక తేడా ఏముంది? అందుకే ప్రతి ఎస్‌హెచ్2 టైరోసిన్ తర్వాత వచ్చే రెండు మూడు అమైనో ఆమ్లాలని కూడా చూస్తుంది. గ్రబ్2 అనే ప్రోటీన్‌కి టైరోసిన్ తర్వాత రెండో స్థానంలో ఆస్పరజిన్ ఉండాలి, ఈజీఎఫ్ఆర్‌లో 1068 దగ్గర అలాగే ఉంది. పీఐ3 కైనేజ్‌కి మూడో స్థానంలో మిథియోనిన్ కావాలి, అలాంటి చోటు ఈజీఎఫ్ఆర్ తోకలో లేదు, హెర్3 తోకలో మాత్రం ఆరు ఉన్నాయి. ఇందాక పనికిరాని కైనేజ్ అన్న హెర్3 ఇక్కడ ఎంత పని చేస్తుందో చూడండి. ఏ రిసెప్టర్ ఏ దారిని బలంగా నడుపుతుందో తెలుసుకోవాలంటే దాని తోకలో ఏ రాత ఉందో చదవడమే మార్గం.

ఇక గ్రబ్2 దారి గీద్దాం, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దగ్గరికి చేరడం అన్న మాట ఇక్కడున్నంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. గ్రబ్2 ఎంజైమ్ కాదు. మధ్యలో ఒక ఎస్‌హెచ్2, రెండు పక్కలా రెండు ఎస్‌హెచ్3 ముక్కలు, అంతే దాని ఒళ్ళంతా. ఎస్‌హెచ్3లతో సాస్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని ఉంటుంది, ఎస్‌హెచ్2తో రిసెప్టర్ తోకని పట్టుకుంటుంది. అంటే కణద్రవంలో తిరుగుతున్న సాస్‌ని తీసుకొచ్చి పొర దగ్గర నిలబెడుతుంది. పొర లోపలి పక్కన, కొవ్వు తోకతో పొరకి అతుక్కుని రాస్ అనే ప్రోటీన్ ఉంటుంది. సాస్, రాస్ ఇప్పుడు పక్కపక్కకి వచ్చాయి. ఇదంతా నిజంగా దగ్గరితనమే అని ఎలా నమ్మాలి అంటారా? గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ ఇవ్వకుండా, సాస్‌కి ఒక కొవ్వు తోక తగిలించి పొరకి అతికించి చూశారు, రాస్ ఆన్ అయింది. రాస్ తర్వాత వచ్చే రాఫ్ అనే కైనేజ్‌ని అలాగే పొరకి అతికిస్తే రాఫ్ కూడా ఆన్ అయింది.

రాస్ దగ్గర చాలామంది తడబడతారు, కాబట్టి నెమ్మదిగా గీయండి. జీడీపీ, జీటీపీ ఏటీపీ లాంటి చిన్న అణువులే, జీటీపీలో ఒక ఫాస్ఫేట్ ఎక్కువ. రాస్ జీడీపీని పట్టుకుని ఉంటే ఆఫ్, జీటీపీని పట్టుకుని ఉంటే ఆన్. సాస్ వచ్చి జీడీపీకి ఫాస్ఫేట్ తగిలించి జీటీపీ చేస్తుందని రాస్తారు, అది తప్పు. సాస్ రాస్‌ని కాస్త తెరిచి పట్టుకుంటుంది, జీడీపీ జారిపోతుంది. కణంలో జీడీపీ కంటే జీటీపీ దాదాపు పది రెట్లు ఎక్కువ కాబట్టి ఖాళీ అయిన చోట్లోకి ఎక్కువగా జీటీపీయే వచ్చి కూర్చుంటుంది. ఆఫ్ చేయడం వేరే పని. రాస్‌కి సొంతంగా జీటీపీని కోసే శక్తి ఉన్నా చాలా నెమ్మది, గ్యాప్ అనే ప్రోటీన్ వచ్చి తన ఆర్జినిన్ ఒకటి లోపలికి చొప్పించి ఆ కోతని ఎన్నో రెట్లు వేగం చేస్తుంది. రాస్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ ఉంటుంది, అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లం. దాని బదులు దాదాపు ఇంకేది వచ్చినా ఆ ఆర్జినిన్ సరిగ్గా అమరడానికి అడ్డం పడుతుంది, రాస్ ఆన్‌లోనే ఉండిపోతుంది. కేన్సర్లలో పదే పదే కనిపించే మార్పు ఇదే.

ఆ తర్వాత రాఫ్, మెక్, ఎర్క్ అనే మూడు కైనేజ్‌ల వరస త్వరగా గీసేయొచ్చు. ఆన్‌లో ఉన్న రాస్ రాఫ్‌ని పొర దగ్గరికి రప్పిస్తుంది, రాఫ్ మెక్‌కి ఫాస్ఫేట్ పెడుతుంది, మెక్ ఎర్క్‌కి పెడుతుంది. మెక్‌లో ఒక ప్రత్యేకత ఉంది, అది ఎర్క్ మీద ఒక థ్రియోనిన్‌కీ ఒక టైరోసిన్‌కీ రెండిటికీ ఫాస్ఫేట్ పెడుతుంది, రెండూ పడితేనే ఎర్క్ పూర్తిగా పనిచేస్తుంది. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్ళి ఎల్క్1 లాంటి ప్రోటీన్లకి ఫాస్ఫేట్ పెడుతుంది, అరగంట లోపే ఫాస్ లాంటి జన్యువులు చదవబడటం మొదలవుతుంది. మీ కాగితం మీద పొర నుంచి కేంద్రకం దాకా మొదటి గీత ఇప్పుడు పూర్తయింది.

పీఐ3 కైనేజ్ దారి వేరే రంగు పెన్సిల్‌తో గీయండి. ఇది ప్రోటీన్ మీద కాకుండా పొరలోని కొవ్వు మీదే ఫాస్ఫేట్ పెడుతుంది, పిప్2ని పిప్3 చేస్తుంది. ఆ పిప్3ని పట్టుకునే ముక్క ఏకేటీ, పీడీకే1 అనే రెండు కైనేజ్‌లకీ ఉంది. రెండూ అదే చోటికి వచ్చి వాలతాయి, పక్కపక్కన పడగానే పీడీకే1 ఏకేటీ మీద 308వ థ్రియోనిన్‌కి ఫాస్ఫేట్ పెడుతుంది. 473వ సెరీన్ మీద రెండోది ఎంటార్ కాంప్లెక్స్2 అనే ఇంకో కైనేజ్ పెడుతుంది. ఏకేటీ అక్కడి నుంచి కణం చావకుండా, పెరిగేలా చూసే పనులు చేస్తుంది. పిప్3ని మళ్ళీ పిప్2 చేసేది పీటెన్, అందుకే పీటెన్ పోయిన కణాల్లో ఏకేటీ ఆగదు. మూడో దారి పీఎల్‌సీ గామా, అది అదే పిప్2ని రెండుగా కోస్తుంది, ఒక ముక్క కాల్షియంని విడుదల చేయిస్తుంది, ఇంకోటి పొరలోనే ఉండి ప్రోటీన్ కైనేజ్ సీని పిలుస్తుంది. మొదటిసారి చదివేటప్పుడు దీని గురించి ఇంతకంటే అక్కర్లేదు.

చాలామంది బొమ్మ ఇక్కడ ఆపేస్తారు, సగం బొమ్మే అది. సిగ్నల్ ఎలా ఆగుతుందో గీయకపోతే ఎలా నడుస్తుందో కూడా తెలిసినట్టు కాదు. టైరోసిన్ ఫాస్ఫేటేజ్‌లు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి, తోక మీద పెట్టిన ఫాస్ఫేట్లని ఎప్పటికప్పుడు తీసేస్తుంటాయి, అంటే మీకు కనిపించే ఫాస్ఫేట్ పెట్టడానికీ తీయడానికీ మధ్య ఎంత మిగిలిందో అంత. ఎర్క్ తిరిగొచ్చి సాస్‌కి ఫాస్ఫేట్ పెట్టి గ్రబ్2 నుంచి దాన్ని వదులు చేస్తుంది. తోక మీద 1045వ టైరోసిన్‌కి సీబీఎల్ అనే ప్రోటీన్ వచ్చి పట్టుకుని రిసెప్టర్‌కి యుబిక్విటిన్లు, అంటే నాశనానికి పంపమని చెప్పే చిన్న ప్రోటీన్ గుర్తులు, తగిలిస్తుంది. రిసెప్టర్ పొరతో సహా లోపలికి మడుచుకుని ఎండోసోమ్ అనే సంచిలోకి పోతుంది, అక్కడా కాసేపు సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది, చివరికి లైసోసోమ్‌లో, అంటే కణం పాతవాటిని అరిగించుకునే సంచిలో, అరిగిపోతుంది. అయితే ప్రతిసారీ కాదు. ఈజీఎఫ్ఆర్‌కి తగిలే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ టీజీఎఫ్ ఆల్ఫా ఎండోసోమ్‌లో కొంచెం ఆమ్లం తగలగానే ఊడిపోతుంది, రిసెప్టర్ ఖాళీగా తిరిగి పొర మీదకి వస్తుంది, మళ్ళీ పనికొస్తుంది. ఈజీఎఫ్ మాత్రం అంత తేలిగ్గా వదలదు, అందుకే రిసెప్టర్ దాంతోపాటు నాశనమవుతుంది. ఒకే రిసెప్టర్, ఒకే చోట అతుక్కునే రెండు ప్రోటీన్లు, కానీ ఫలితం వేరు.

ఆగడం ఎంత ముఖ్యమో పీసీ12 కణాల్లో చూడండి. ఇవి ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి వచ్చిన కణాలు. ఈజీఎఫ్ ఇస్తే ఎర్క్ నిమిషాల్లో ఎగసి గంటలోపే దాదాపు దిగిపోతుంది, కణాలు విభజన చెందుతాయి. నరాల గ్రోత్ ఫ్యాక్టర్ ఇస్తే అదే ఎర్క్ గంటల తరబడి ఆన్‌లో ఉంటుంది, కణాలు విభజన ఆపి నరాల కణాల్లా పొడవాటి పోగులు వేస్తాయి. రిసెప్టర్ వేరు కాబట్టి ఫలితం వేరనుకోవచ్చు, కానీ ఆ కణాల్లో ఈజీఎఫ్ఆర్‌ని బాగా పెంచి ఈజీఎఫ్ ఇచ్చినా ఎర్క్ ఎక్కువసేపు నిలిచింది, కణాలు పోగులు వేశాయి. కాబట్టి మీ బొమ్మలో ప్రతి బాణం పక్కనా ఎంతసేపు అని కూడా రాసుకోండి.

మీకు అర్థమైందో లేదో పరీక్షించుకోవాలంటే మందుల దగ్గరికి వెళ్ళండి, సిద్ధంగా ఉన్న ప్రశ్నపత్రం అది. సెటుక్సిమాబ్ ఈజీఎఫ్ఆర్ బయటి మూడో ముక్కకి అతుక్కుని ఈజీఎఫ్‌ని రానివ్వని యాంటీబాడీ. పెద్దపేగు కేన్సర్‌లో రాస్ 12వ స్థానం మారి ఉంటే ఈ మందు పనిచేయదు, అందుకే ఇచ్చే ముందు రాస్ పరీక్ష చేస్తారు. ఎందుకో బొమ్మ మీద వేలు పెట్టి చెప్పండి. రెండోది కొంచెం కష్టం. బీరాఫ్‌లో (రాఫ్‌లలో ఒకటి) 600వ వాలిన్ మారిన మెలనోమా అనే చర్మ కేన్సర్‌లో, బీరాఫ్‌ని ఆపే వెమురాఫెనిబ్ బాగా పనిచేస్తుంది, అదే మార్పు ఉన్న పెద్దపేగు కేన్సర్‌లో ఒంటరిగా ఇస్తే పెద్దగా పనిచేయదు. ఇందాక ఎర్క్ వెనక్కి వచ్చి పై వాటిని ఆపుతుందని చెప్పుకున్నాం. బీరాఫ్‌ని ఆపితే ఎర్క్ తగ్గుతుంది, ఎర్క్ తగ్గితే పైన ఆపేవాళ్ళు లేరు, పెద్దపేగు కణాల మీద ఈజీఎఫ్ఆర్ బాగా ఉంటుంది కాబట్టి అది మళ్ళీ లేచి సిగ్నల్ పంపుతుంది. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ఆర్ సాధారణంగా చాలా తక్కువ. ఆపే బాణాలు గీయని వాళ్ళకి ఈ జవాబు ఎప్పటికీ దొరకదు.

ఒక్క రిసెప్టర్ పూర్తయ్యాక మిగతావాటిని తేడాలుగా చదవండి, మొదటి నుంచి కాదు. పీడీజీఎఫ్ తానే రెండు గొలుసుల జంట, రెండు రిసెప్టర్లని నిజంగానే తన రెండు పక్కలా పట్టుకుని కలుపుతుంది. ఎఫ్‌జీఎఫ్‌కి రిసెప్టర్ ఒక్కటే చాలదు, కణం ఉపరితలం మీది హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసు కూడా కావాలి. ఇన్సులిన్ రిసెప్టర్ ముందునుంచే జంట, బంధాలతో కలిసి ఉంటుంది, ఇన్సులిన్ వచ్చి ఆకారం మార్చి కైనేజ్‌లని దగ్గర చేస్తుంది, పైగా అది తన తోక మీద కాకుండా ఐఆర్ఎస్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్లు పెట్టి దాన్ని వేదికగా వాడుకుంటుంది. హెర్2కి తగిలే గ్రోత్ ఫ్యాక్టరే తెలియదు, దాని చెయ్యి ఎప్పుడూ చాచే ఉంటుంది. గ్రోత్ హార్మోన్ రిసెప్టర్‌కి సొంత కైనేజే లేదు, జాక్ అనే కైనేజ్‌ని లోపలి భాగానికి తగిలించుకుని తిరుగుతుంది. టీజీఎఫ్ బీటా పేరు చూసి టీజీఎఫ్ ఆల్ఫాకి చుట్టమనుకోకండి, దాని రిసెప్టర్లు సెరీన్, థ్రియోనిన్ల మీద ఫాస్ఫేట్ పెడతాయి, స్మాడ్ ప్రోటీన్లు నేరుగా కేంద్రకానికి పోతాయి.

ప్రయోగశాలలో ఉన్నవాళ్ళకి చివరగా కొన్ని మాటలు, కాగితం మీద గీసింది వెస్టర్న్ బ్లాట్ మీద, అంటే ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో పట్టీలుగా చూసే పద్ధతిలో, చూడటం ఎలాగో. కణాలని ముందురోజు రాత్రి సీరం లేకుండా, లేదా చాలా తక్కువ సీరంలో ఉంచండి. సీరం నిండా గ్రోత్ ఫ్యాక్టర్లే, అది ఉంటే సున్నా నిమిషం దగ్గరే ఎర్క్ ఆన్‌లో కనిపిస్తుంది. ఈజీఎఫ్ మిల్లీలీటర్‌కి 10 నుంచి 100 నానోగ్రాముల మధ్య ఇస్తారు. 6 నానోగ్రాములంటే సుమారు ఒక నానోమోలార్, ఈ లెక్క గుర్తుంటే వ్యాసాల్లోని మోతాదులు పోల్చుకోవడం తేలిక. సున్నా, 2, 5, 15, 30, 60 నిమిషాలు తీసుకోండి. 15 నిమిషాల కంటే ముందు ఏమీ తీసుకోకపోతే రిసెప్టర్ మీద జరిగే అసలు ఎగుదల మీ చేతికి చిక్కదు. టైం అవ్వగానే ప్లేటుని ఐస్ మీద పెట్టి, సోడియం ఆర్థోవనాడేట్, ఫ్లోరైడ్ కలిపిన చల్లటి బఫర్‌తో కణాలని పగలగొట్టండి, లేకపోతే ఫాస్ఫేటేజ్‌లు మీ కళ్ళముందే గుర్తులన్నీ తుడిచేస్తాయి. వనాడేట్‌ని పీహెచ్ 10 దగ్గర రంగు పోయేదాకా మరిగించి వాడాలి, నేరుగా నీళ్ళలో కలిపి పోస్తే పూర్తిగా పనిచేయదు. బ్లాక్ చేయడానికి పాలపొడి బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) వాడండి, పాలలోని కేసీన్ మీదే ఫాస్ఫేట్లు ఉంటాయి.

బ్లాట్ వచ్చాక పైనుంచి కిందకి చదవండి. 170 కిలోడాల్టన్ల దగ్గర ఫాస్ఫేట్ పడిన ఈజీఎఫ్ఆర్ పట్టీ లేవకపోతే ఈజీఎఫ్ పాడైందా, కణాల మీద రిసెప్టర్ ఉందా అని చూడాలి. అది లేచి, 42, 44 దగ్గర ఎర్క్ జంట పట్టీలు లేవకపోతే తెగింది మధ్యలో ఎక్కడో. ఏమీ ఇవ్వకుండానే ఎర్క్ లేచి ఉంటే రాస్, రాఫ్ జన్యువులు మారాయేమో, ఆ కణం చరిత్ర వెతకండి. 60 నిమిషాల దగ్గర మొత్తం ఈజీఎఫ్ఆర్ పట్టీ పలచబడితే శాంపిల్ తక్కువ వేశానని కంగారుపడి మళ్ళీ జెల్ పోయకండి. ముందు యాక్టిన్ పట్టీ చూడండి, అది ఈజీఎఫ్‌తో మారని ప్రోటీన్, అన్ని శాంపిళ్ళలో అది సమానంగా ఉంటే రిసెప్టర్ నిజంగానే లైసోసోమ్‌లోకి పోయిందన్నమాట. ఇంకో ప్లేటులో ఈజీఎఫ్ బదులు టీజీఎఫ్ ఆల్ఫా ఇచ్చి అదే 60 నిమిషాలు చూస్తే ఆ పట్టీ అంతగా తగ్గకూడదు.